ఆ దక్షిణ మంటపం రాయి

అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ రాయే కళ్ళల్లో మెదులుతోంది. లండన్ బ్రిటిష్ మ్యూజియం నడుమ ఉన్న పెద్ద ప్రాంగణం, గ్రేట్ కోర్టు, దాని ఫొటో సాయంత్రం మళ్ళీ కంటబడింది. మూడు వైపులా ఒక తెలుపు, దక్షిణ మంటపానిది ఇంకో తెలుపు. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

మ్యూజియం వాస్తుశిల్పి రాబర్ట్ స్మర్క్ కట్టిన అసలు మంటపాన్ని 1870ల్లో ముందు హాలు పెంచడానికి పడగొట్టారు. 2000లో గాజు పైకప్పుతో ఆ ప్రాంగణం తెరిచేనాటికి తిరిగి కట్టారు. అడిగింది పాత భవనానికి వాడిన ఇంగ్లండ్ పోర్ట్‌లాండ్ రాయి, వచ్చింది ఫ్రాన్స్‌లోని ఆన్‌స్ట్రూడ్ రాయి. రెండూ సున్నపురాళ్ళే, అయితే ఏం?

మ్యూజియం ముందు వైపు 44 అయోనిక్ స్తంభాలు (తలమీద చుట్టలుండే గ్రీకు తరహావి), ఒక్కొక్కటీ 45 అడుగుల ఎత్తు. పోర్ట్‌లాండ్ రాయిని దగ్గర్నుంచి చూడాలి. చేపగుడ్లంత సన్నటి గుండ్రటి రవ్వ, నడుమ ఆల్చిప్ప పెంకులు. వాన తగిలినచోట పైపొర కొంచెం కొంచెంగా కరిగి తెల్లబడుతుంది. స్తంభం తలమీది చుట్టల కింద వాన పడదు. అక్కడ పొగలోని గంధకం సున్నంతో కలిసి జిప్సం పొర కడుతుంది, మసి అందులో ఇరుక్కుని నల్లబడుతుంది. (మన అమరావతి శిల్పాలూ సున్నపురాయే. అందుకే ఈ మ్యూజియంలో వాటిని గాజు వెనక, తేమ అదుపులో ఉంచి చూపిస్తారు.) దక్షిణ మంటపం ఉన్న గాజు పైకప్పు కింద వానే లేదు. ఇక కొత్త రాయి పాతదానిలో కలిసేదెప్పుడు?

ఇంత రాశాక అనిపిస్తోంది, కోపం రాయి పుట్టిన ఊరి మీద కాదేమో. స్మర్క్ భవనం మాత్రం నిలువెల్లా రాయా? కింద కాంక్రీటు, పోత ఇనుప చట్రం, చట్రం నడుమ నింపింది లండన్ ఇటుక. జనానికి కనిపించే వైపే పోర్ట్‌లాండ్ రాతి తొడుగు. అందులోని పుస్తకాల హాలు కింగ్స్ లైబ్రరీ 300 అడుగుల పొడవు, 41 అడుగుల వెడల్పు. అంత వెడల్పుకు రాతి దూలం వేస్తే అడుగున పగులుతుంది. రాయి బరువు మోస్తుంది గానీ వంపు ఓర్చుకోదు. ఆ హాలు నిలబడింది ఇనుప దూలాల మీద. గ్రీకు గుడి రూపం, లోపల కొత్త పనితనం. ఆ ధైర్యం నాకెంతో ఇష్టం.

కాబట్టి ఫ్రాన్స్ రాయి అయినా సరే అనుకుందాం. రంగు చూసుకోవద్దూ? నమూనా పలకని పాత గోడ పక్కనే నిలబెట్టి, ఎండలోనూ మబ్బులోనూ, తడిపీ ఆరబెట్టీ చూడాలి. అదీ ఒక్క పలక కాదు, గనిలో వేర్వేరు పొరల నుంచి తీసినవి నాలుగైదు. పొర మారితే రంగూ మారుతుంది.