బెలూన్ల ఊళ్ళో మా అక్క

ఫోన్ ఆన్ చేయగానే లాత్వియాకి స్వాగతం అంటూ మెసేజ్ వచ్చింది. నేను కొన్న టికెట్ లిథువేనియా రాజధాని విల్నియస్‌కి. పైలట్ ఏదో ప్రకటించాడట, నేను నిద్రలో ఉన్నాను. పక్క సీటాయన్ని అడిగితే “బెలూన్లు” అని ఒక్క మాట చెప్పి, సంచి భుజాన వేసుకుని లైన్లో నిలబడ్డాడు. రాత్రి పన్నెండు దాటింది. అక్కకి ఫోన్ చేశాను.

“సిగరెట్లు రా,” అంది.

“ఇక్కడ బెలూన్లంటున్నారే?”

“అవే. బస్సు వేస్తారు, ఎక్కి పడుకో. తెల్లారేసరికి దింపుతారు. నాకు పనుంది, పెట్టేస్తున్నా.”

నిజంగానే పెట్టేసింది.

లాత్వియా రాజధాని రీగా నుంచి విల్నియస్ 300 కిలోమీటర్లు. దారిలో దేశం మారినట్టు కూడా తెలియలేదు, ఎవరూ ఆపలేదు. బస్సులో వెనక సీటు కుర్రాడు విషయం చెప్పాడు. విల్నియస్ నుంచి బెలారస్ సరిహద్దు 30 కిలోమీటర్లే. అటువైపు సిగరెట్లు బాగా చవక. వాతావరణ శాఖ వాళ్ళు ఎగరేసేలాంటి బెలూన్లకి సిగరెట్ డబ్బాలు కట్టి, గాలి వాటం చూసి రాత్రిపూట వదులుతారు. ఎక్కడ పడ్డాయో జీపీఎస్‌లో చూసుకుని ఇటువైపు మనుషులు వెళ్ళి ఏరుకుంటారు. దొంగసరుకు పాతదే గానీ, 2025 అక్టోబరులో ఇవి గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. విమానాల దారికి అడ్డమని ఎయిర్‌పోర్టు మూసేస్తూ వచ్చారు. ఆ నెలలో ఇది ఎన్నోసారి అంటే బస్సులో తలా ఒక లెక్క చెప్పారు.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. హైదరాబాద్‌లో యాడ్ ఏజెన్సీలో మొదలుపెట్టి, ఎనిమిదేళ్ళ క్రితం విల్నియస్‌కి వెళ్ళింది. ఒక టెక్ కంపెనీలో కమ్యూనికేషన్స్ చూస్తుంది. నాదీ అదే వృత్తి, హైదరాబాద్‌లో పీఆర్. మేం ఏం చేస్తామో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. “ఇద్దరూ ఏదో రాస్తుంటారు” అంటుంది పెద్దమ్మ, ఎవరైనా అడిగితే.

పొద్దున్న ఆరున్నరకి అక్క ఫ్లాట్‌కి చేరేసరికి, వంటగదిలో ల్యాప్‌టాప్ ముందు స్వెటర్ మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. రాత్రంతా ఆ పనే. మర్నాడు వాళ్ళ ఆఫీసులో పెద్ద మీటింగు, మూడు దేశాల నుంచి జనం రావాలి. సగం మంది నాలాగే ఎక్కడెక్కడో దిగారు. అందరికీ మెసేజ్ పంపాలి. నాకు చూపించి “నువ్వైతే ఎలా రాస్తావ్?” అంది.

నేను వృత్తి ధర్మం ప్రకారం మొదలుపెట్టాను. అనివార్య పరిస్థితుల దృష్ట్యా, మీ సహకారానికి కృతజ్ఞతలు, ప్రయాణికుల భద్రతకే మా ప్రథమ ప్రాధాన్యం... అక్క నవ్వి ఊరుకుంది. ఆమె పంపింది ఇంత: “బెలూన్ల వల్ల ఎయిర్‌పోర్టు మూశారు. మీటింగు 9కి కాదు, 11కి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి, నేను మేలుకునే ఉన్నాను.” అంతే. లిథువేనియన్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

“విచారిస్తున్నాం అని కూడా లేదేంటి?”

“బెలూన్లు నేను వదిలానా?”

నాలుగు రోజులు ఆమె వెనకాలే తిరిగితే ఆ ఊరి తీరు కాస్త పట్టుబడింది. ట్రాలీబస్సులో ఆఫీసుకి. బస్సులో ఫోన్ మాట్లాడేవాళ్ళే లేరు. వెనక సీట్లో ఇద్దరు ముసలమ్మలు మాత్రం రేడియేటర్ల గురించి గుసగుసలాడుకుంటున్నారని అక్క చెప్పింది. అక్కడ ఇళ్ళలో వేడి ఊరంతటికీ కలిపి గొట్టాల్లో వస్తుంది. మూడు రోజులు వరసగా బయట సగటున 10 డిగ్రీల లోపు ఉంటేనే వదలడం మొదలుపెడతారు. మనకి తొలకరి ఎలాగో వాళ్ళకి ఆ రోజు అలాగ. మా వీధికి వచ్చింది, మీ వీధికి వచ్చిందా అని వాకబు. నేను వెళ్ళేసరికే వచ్చేసింది కాబట్టి బతికిపోయాను. ఆ ఆదివారమే గడియారాలు గంట వెనక్కి తిప్పారు. సాయంత్రం ఐదుకే చీకటి.

ఆఫీసు నెరిస్ నదికి ఉత్తరాన, ష్నిపిష్కేస్‌లో. అద్దాల మేడలు, వాటి వెనకే వంకర్లు తిరిగిన చెక్క ఇళ్ళు, పెరట్లో యాపిల్ చెట్లు, కట్టెల మోపులు. వేసవిలో మనుషులెక్కే పెద్ద గాలిబెలూన్లు ఈ కిటికీల ముందు నుంచే వెళ్తాయట. రాజధాని నగరం నడినెత్తిన బెలూన్లు ఎగరనిచ్చే ఊళ్ళు యూరప్‌లో చాలా తక్కువ. టూరిజం వాళ్ళ పోస్టర్లన్నిటి మీదా అవే. “మా బొమ్మే మా మీదికొచ్చింది” అన్నాడు అక్క పక్క సీటు కుర్రాడు.

అతనే ఆ ఊరు 2018లో చేసిన ఒక ప్రకటన గురించీ చెప్పాడు. విల్నియస్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు కదా, ఆ తెలియకపోవడాన్నే వాడుకుని ఒక ద్వంద్వార్థపు నినాదం చేశారు. ప్రపంచమంతా మాట్లాడుకుంది. పోప్ రాబోయే ముందు ఇదేం పనని చర్చి వాళ్ళు మండిపడ్డారు. ఆ నినాదం ఏమిటో అక్క నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ కుర్రాడే కాఫీ మెషీన్ దగ్గర చెప్పాడు. ఇక్కడ రాయను, ఇది మా అమ్మ కూడా చదువుతుంది.

అక్క పనిలో నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక ఎక్సెల్ షీటు. ఉద్యోగుల పేర్లు ఒక కాలమ్‌లో ఉన్నాయి, పక్కనే మళ్ళీ అవే పేర్లు కాస్త తేడాగా. తోమస్ పక్కన తోమై, యోనస్ పక్కన యోనై. స్పెల్లింగు తప్పులేమో అనుకున్నాను.

“సంబోధన కాలమ్ రా అది. ఎనిమిదో తరగతిలో చదువుకోలేదా, సంబోధనా ప్రథమా విభక్తి?”

వాళ్ళ భాషలో మగ పేర్లు చాలామటుకు ‘అస్’ అనో ‘ఇస్’ అనో ముగుస్తాయి. మన డుమువుల్లాగే అది ప్రథమా విభక్తి. పిలిచేటప్పుడు అది మారాలి. రాముణ్ణి “రాముడూ, ఇలా రా” అనం కదా, “రామా” అంటాం. కంప్యూటర్‌కి అది తెలియదు. మొదట్లో ఏదో సాఫ్ట్‌వేర్‌తో అందరికీ ఒకేసారి ఉత్తరాలు పంపితే ప్రతి ఒక్కరికీ “ప్రియమైన రాముడు” అని వెళ్ళిందట. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఒకావిడ వచ్చి చాలా మర్యాదగా, “ఈ ఉత్తరం నాకు రాశారా, నా గురించి రాశారా?” అని అడిగి వెళ్ళింది. ఆ రాత్రే అక్క కూర్చుని ఆ కాలమ్ తయారు చేసింది. తెలుగు మీడియంలో చదవడం తనకి జీవితంలో ఉపయోగపడింది ఆ ఒక్క రాత్రేనని అంటుంది గానీ, నేను నమ్మను.

ఎందుకంటే ఆ భాషలో అడుగడుగునా మనవాళ్ళలాంటి మాటలు ఎదురవుతాయి. దేవుడు దియెవస్. పిలిస్తే దియెవె, అచ్చం మన “దేవా”. సర్వర్ పడిపోయినప్పుడల్లా ఆఫీసులో నాలుగు మూలల నుంచీ “దియెవె మానో” అని వినిపిస్తుంది. కల సప్నస్, పన్ను దంతిస్, నిప్పు ఉగ్నిస్, పొగ దూమై. రైల్వే స్టేషన్ దగ్గర హాలేస్ మార్కెట్ ఉంది, 1906 నాటిది. అక్కడ తేనె సీసాల మీద ‘మెదుస్’ అని చూసి మధువు, మధువు అని నేను ఎగిరితే అమ్మే ఆవిడ కంగారుపడింది. ఇవన్నీ సంస్కృతం నుంచి అక్కడికి పోలేదు. రెండిటికీ ఎక్కడో వెనక ఒకే మూలం, మనకి సంస్కృతం ద్వారా వచ్చాయి. కానీ లిథువేనియన్‌లో పాత రూపాలు చెక్కుచెదరకుండా మిగిలాయని భాషాశాస్త్రం వాళ్ళు చెప్పేది నిజమే. కృతజ్ఞతలు చెప్పాలంటే ‘ఆచ్యూ’ అనాలి. నేను అన్న ప్రతిసారీ అక్క అలవాటుగా “చిరంజీవ” అనేది.

మధ్యాహ్నం భోజనానికి నాకోసం వెతికి మరీ గులాబీ రంగు చల్లటి సూప్ చెప్పించారు, అది వేసవి వంటకమైనా సరే. పేరు షల్టిబర్ష్చెయ్. కెఫీర్ అనే పుల్లటి మజ్జిగలాంటి దాంట్లో బీట్‌రూట్, కీరా ముక్కలు, సోయికూర (డిల్), ఉడకబెట్టిన గుడ్డు. పక్కన వేడివేడి బంగాళాదుంపలు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని అక్క వంక చూశాను. “తాలింపు లేదు అంతేగా?” అంది. ఇంట్లో చేసినప్పుడు ఆవాలు, ఎండుమిర్చి వేస్తుందట. ఆఫీసులో ఒకసారి పెడితే లొట్టలేసుకుని తిని, తర్వాత ఇది షల్టిబర్ష్చెయ్ కాదని తీర్మానించారట.

ఆ భోజనాల బల్ల దగ్గరే పుస్తకాల దొంగరవాణా గురించి విన్నాను. 1864లో, అప్పుడు ఆ దేశాన్ని ఏలుతున్న రష్యా జార్ ప్రభుత్వం లిథువేనియన్ భాషని లాటిన్ అక్షరాల్లో అచ్చువేయడం నిషేధించింది. రష్యన్ లిపిలో వేసుకోండి అంది. జనం ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. సరిహద్దు అవతల ప్రష్యాలో, అంటే జర్మన్ రాజ్యంలో, తమ అక్షరాల్లోనే అచ్చు వేయించుకుని, వీపున మూటలు కట్టుకుని, రాత్రిళ్ళు అడవుల్లోంచి మోసుకొచ్చారు. పట్టుబడితే సైబీరియా. ఇలా 40 ఏళ్ళు, 1904 దాకా. వాళ్ళని క్నిగ్నెషెయ్ అంటారు, పుస్తకాలు మోసేవాళ్ళు అని. వాళ్ళలో పేరుమోసిన యుర్గిస్ బియెలినిస్ పుట్టిన మార్చి 16న ఇప్పటికీ వాళ్ళ పేర ఒక రోజు జరుపుతారు.

ఇది వింటున్నప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ వచ్చింది: చేరావా, తిన్నావా, చలిగా ఉందా అని, మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మనల్ని ఎవరూ నిషేధించలేదు. ఫోన్ బోర్లించి పెట్టాను.

“అప్పుడు పుస్తకాలు, ఇప్పుడు సిగరెట్లు” అన్నాన్నేను తెలివిగా. ఎవరూ నవ్వలేదు. నేను అక్కడుండగానే బెలారస్ సరిహద్దు మూసేశారు. వాళ్ళకి అది జోకు కాదు.

ఎందుకు కాదో గురువారం సాయంత్రం అర్థమైంది. అక్క నన్ను టీవీ టవర్ దగ్గరికి తీసుకెళ్ళింది. 326 మీటర్లు, కింద నిలబడితే మెడ పట్టేస్తుంది. 1991 జనవరి 13 తెల్లవారుజామున సోవియట్ ట్యాంకులు దీన్ని పట్టుకోవడానికి వచ్చాయి. చేతిలో ఏమీ లేని జనం చుట్టూ నిలబడ్డారు. ఆ రాత్రి దాడి వల్ల 14 మంది పోయారు. ఊళ్ళో టీవీ స్టూడియోలోకీ సైనికులు చొరబడ్డారు. ఎగ్లే బుచెలితే అనే అనౌన్సర్ లోపల తలుపులు మూసుకుని, వాళ్ళు వస్తున్నారు, మీతో మాట్లాడగలిగినంత సేపు మాట్లాడతాను అన్నట్టుగా చెబుతూనే ఉంది, తెర ఆగిపోయేదాకా. తర్వాత కౌనస్ ఊళ్ళోని చిన్న స్టూడియో అందుకుంది. వచ్చిన భాషలన్నిటిలోనూ ప్రపంచానికి చెప్పడం మొదలుపెట్టారు.

“మా మేనేజరుకి అప్పుడు పదమూడేళ్ళు,” అంది అక్క. “ఇక్కడే నిలబడ్డాట్ట వాళ్ళ నాన్నతో. నేను చేరిన కొత్తలో ఒక ప్రెస్ నోట్‌లో విప్లవాత్మకమైన మార్పు అని రాశాను. మా కొత్త యాప్ గురించి. ఆయన ఆ మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఇచ్చాడు. ఏమీ అనలేదు.”

హైదరాబాద్‌లో నేను నెలకి కనీసం నాలుగు విప్లవాలు తెస్తాను. ఒకటి మొన్న జులైలో, హెయిర్ ఆయిల్‌తో.

నవంబరు 1 అక్కడ సెలవు. మర్నాడు వేలినేస్, పోయినవాళ్ళని తలుచుకునే రోజు. ఊరు ఊరంతా శ్మశానాలకి కదులుతుంది. రసోస్ అని గుట్టల మీద పాత శ్మశానం ఉంది, చీకటి పడ్డాక అక్కడికి వెళ్ళాం. గాజు గ్లాసుల్లో, మూతలు పెట్టిన దీపాలు. మెట్ల పక్కన, చెట్ల మొదళ్ళలో, పేర్లు చెరిగిపోయిన రాళ్ళ దగ్గర కూడా. ఎవరూ లేని సమాధికి ఒకటి పెట్టకుండా ఎవరూ వెళ్ళరట. అంతటా చామంతులే. అక్క మొదటి ఏడాది ఎవరి ఇంటికో భోజనానికి పిలిస్తే చామంతులు పట్టుకెళ్ళిందట. ఆ ఇంటావిడ తీసుకుని, చాలా సేపు చేతిలోనే పట్టుకుని నిలబడిందట.

యోనస్ బసనావిచ్యుస్ సమాధి దగ్గర గుంపుగా ఉంది. 1918 ఫిబ్రవరి 16న స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో పెద్దాయన. అంతకు ముందు, నిషేధం రోజుల్లో, 1883లో ఒక పత్రిక మొదలుపెట్టాడు. సరిహద్దు అవతల అచ్చై, మూటల్లో వచ్చేది. దాని పేరు ఔష్రా. “ఉషస్సు” అని అక్క చెప్పక్కర్లేకపోయింది.

మేం కొన్న దీపం వెలగలేదు. మూడు పుల్లలు ఆరిపోయాయి. పక్కనున్న ముసలాయన తన దీపం వంచి మాది వెలిగించాడు. ఆచ్యూ అన్నాను. అక్క చిరంజీవ అనలేదు, వంగి మంటనే చూస్తోంది. మూత పెట్టేలోపు అది తూర్పుకి వాలింది.

“పడమటి గాలి,” అంది. “ఈ రాత్రి ఇటు రావులే. పడుకోవచ్చు.”

అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది. మన దగ్గర అర్ధరాత్రి కావస్తోంది. మా వెనక దీపాలు చూసి, “ఏ గుడిరా అది, ఎంత బాగుందో! కార్తీక దీపాలు అక్కడా పెడతారా?” అని మురిసిపోయింది. అబద్ధం చెప్పడానికి నాకు రెండు సెకన్లు చాలు, అది నా ఉద్యోగం. కానీ అక్క ఫోన్ లాక్కుంది.

“గుడి కాదు పిన్నీ. శ్మశానం.”

అవతల నిశ్శబ్దం. తర్వాత పది నిమిషాలు మేమిద్దరం వంతులవారీగా తిట్లు తిన్నాం. కార్తీక మాసంలో, అందులోనూ రాత్రిపూట, పిల్లాణ్ణి వెంటేసుకుని. పిల్లాడికి ముప్ఫై నాలుగేళ్ళు. ఇంటికి వెళ్ళగానే తలస్నానం చేసి గానీ ఏదీ ముట్టుకోకూడదని ఒట్టేయించుకుంది. బయట 5 డిగ్రీలు.

ఫ్లాట్ తలుపు దగ్గర బూట్లు విప్పుతూ అక్క, “ముందు నువ్వు చేస్తావా, నేను చేయనా?” అంది.