పాత నంబరు, కొత్త నంబరు: ఆర్కైవ్ తరలింపు మధ్యలో మన డ్రాయింగుల పని

జులై మూడో వారానికి లెక్క ఇది: మూల డ్రాయింగులు చూసి మనం తిరిగి గీస్తున్న 24 ఇళ్ళ ముఖభాగాల్లో 15 పూర్తి, 4 సగంలో ఉన్నాయి, 5 ఇంకా మొదలుపెట్టాలి. అన్నీ చెన్నైలోని జార్జ్‌టౌన్, మైలాపూరు వీధుల్లో 1930ల నుంచి 1950ల నడిమి దాకా కట్టిన ఇళ్ళు. కింద అంగడి, పైన కాపురం. వాటి మూల డ్రాయింగులున్న ఆర్కైవ్ ఇప్పుడు వేరే భవనానికి మారుతోంది. స్టడీ రూము మూతపడలేదు కానీ వారానికి రెండు రోజులే తెరుస్తున్నారు. పూటకు ఎనిమిది షీట్లు ఇచ్చే చోట మూడే ఇస్తున్నారు. షీట్లు కోరే స్లిప్పు పది పనిదినాల ముందు చేరాలి. ఈశాన్య రుతుపవనం దిగేలోపు, సెప్టెంబరు ఆఖరుకల్లా లారీల పని ముగించాలని వాళ్ళ ఆలోచన. అది సబబే. వానల్లో కాగితాన్ని చెన్నై గాలికి వదలకూడదు.

ప్యాకింగ్ వరస తెలుసుకోకుండా స్లిప్పు రాస్తే ఆ పూట వృథా అవుతుంది. ఇక్కడ ముందు డ్రాయింగు చుట్టలు కడుతున్నారు, తర్వాత ప్లాన్ చెస్ట్ సొరుగుల్లోని షీట్లు, ఆఖర్న ఉత్తరాల పెట్టెలు. ఎలివేషన్లు, అంటే ముఖభాగం డ్రాయింగులు, ఎక్కువగా చుట్టల్లోనే ఉన్నాయి గనక జూన్ అంతా వాటికే కేటాయించాం. ఉత్తరాల్లో ఎంత సమాచారం ఉన్నా ఆగస్టు దాకా వాటి జోలికి పోవడం లేదు.

కట్టేసిన చుట్ట మర్నాటికే కొత్త చోట దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. పురుగు జాడ కనబడినవాటిని పాలిథీన్‌లో గాలి చొరకుండా మూసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో కనీసం వారం ఉంచుతారు. తీశాక కూడా కవరు విప్పకుండా ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి. ఏసీ స్టోరు నుంచి వచ్చే షీటుకూ ఇదే జాగ్రత్త. బయట 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్నప్పుడు ఆ గాలిలోని ఆవిరి దాదాపు 27 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. 20 డిగ్రీల్లో ఉన్న షీటును నేరుగా తెచ్చి పరిస్తే, ఐసునీళ్ళ గ్లాసు మీద పట్టినట్టే చెమ్మ పడుతుంది. ట్రేసింగ్ క్లాత్ అంటే గంజి దట్టంగా పట్టించిన సన్నటి నూలుబట్ట. తడి తగిలితే గంజి కరిగి, సిరా గీత దానితోపాటే లేచిపోతుంది. చెమట వేలు ఆనినా తెల్లటి మచ్చ ఉండిపోతుంది. సిల్వర్‌ఫిష్ పురుగులు తినేదీ ఆ గంజినే. షీటు బల్ల మీదికి రావడం గంట ఆలస్యమైతే సిబ్బందిని తొందరపెట్టొద్దు. ఆ గంట మన గీతల కోసమే.

ఈ తరలింపులో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఒకటుంది. ఇన్నాళ్ళూ ఒక ఇంటి డ్రాయింగులన్నీ ఒకే చుట్టలో ఉండేవి: ట్రేసింగ్ క్లాత్ మీద ఎలివేషన్, దాని బ్లూప్రింట్లు, తర్వాతి మార్పులకు తీసిన అమ్మోనియా ప్రింట్లు (అమ్మోనియా ఆవిరితో తీసే నకళ్ళు). ఇప్పుడు వాటిని విడదీస్తున్నారు. అమ్మోనియా ప్రింట్ల నుంచి వచ్చే ఆవిరులు పక్క కాగితాలను పాడుచేస్తాయి. బ్లూప్రింట్‌లోని నీలం క్షారం తగిలితే వెలిసిపోతుంది కాబట్టి, మామూలు పత్రాలకు మేలుచేసే క్షారం కలిపిన ఫోల్డరు దానికి పనికిరాదు. విడదీయడం సరైన పనే. కానీ ఒకే ఇల్లు ఇకమీదట మూడు చోట్ల మూడు బార్‌కోడ్లతో ఉంటుంది. వాటిని మళ్ళీ కలిపేది షీటు మూలన ఉన్న జాబ్ నంబరు ఒక్కటే. ఆ మూల చిరిగిపోయిన షీటుకు, అది ఏ చుట్టలో ఎన్నోదన్నదే ఆధారం.

అందుకని ప్రతి షీటుకూ నాలుగు వివరాలు రాస్తున్నాం: జాబ్ నంబరు, పాత చుట్ట నంబరు, చుట్టలో వరస (బయటి నుంచి లోపలికి), కొత్త బార్‌కోడ్. చెన్నైలో ఇంటి గుమ్మం మీద పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉంటాయి కదా, మన నోటుబుక్కులోనూ అలాగే ఉండాలి. పూర్తయిన 15లో మొదటి 6 ఇళ్ళకు వరస రాయలేదు. ఆ చుట్టలు విప్పేశారు, ఇక ఆ వరస తిరిగిరాదు. మిగిలినవాటికి ఏ ఒక్కటీ వదలకండి.

ఇక కొలతలు. బ్లూప్రింట్‌ను నీళ్ళలో కడిగి ఆరబెట్టేవారు, అందుకే కాగితం కుదించుకుపోతుంది. అదీ రెండు వైపులా ఒకేలా కుదించదు. తంబుచెట్టి వీధి ఇంటి షీటు చూడండి. అంగుళానికి 8 అడుగుల స్కేలు, అంటే 1:96. 40 అడుగులని రాసి ఉన్న అడ్డకొలత 127.0 మిల్లీమీటర్లు రావాలి, వచ్చింది 125.7. నిలువున 40 అడుగులకు 126.4. అడ్డంగా ఒక శాతం, నిలువుగా అర శాతం తరుగు. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, 60 అడుగుల ముఖభాగంలో అది 7 అంగుళాలు దాటుతుంది, ఒక పిలాస్టరు (గోడకు అంటిన స్తంభం) జరిగిపోతుంది. కాబట్టి అడ్డకొలతలను 1.0103తో, నిలువు కొలతలను 1.0047తో హెచ్చించాలి. ఇది షీటు షీటుకూ మారుతుంది. అంకె రాసి ఉన్నచోట అంకెనే నమ్మండి. పారపెట్ (పిట్టగోడ) మీది మెట్ల పట్టీలకు, కిటికీ పైన సన్‌షేడ్ మలుపులకు ఎవరూ అంకెలు వేయలేదు, వాటికే ఈ లెక్క అవసరం. స్కాను మీద ఆధారపడకుండా, షీటు ఎదురుగా ఉన్నప్పుడే కొలవాలి. స్టీలు స్కేలు కాగితానికి ఆనించనివ్వరు, పారదర్శక ప్లాస్టిక్ స్కేలు తీసుకెళ్ళండి. పెన్ను వద్దు, పెన్సిలే.

ఫొటోలకు: డబుల్ ఎలిఫెంట్ షీటు దాదాపు 27×40 అంగుళాలు. ఒక్క ఫొటోలో ఇరికిస్తే అంచులు వంగుతాయి. ఆరు ముక్కలుగా, పక్కదానితో మూడోవంతు కలిసేలా తీయండి. ఫోను దగ్గరికి తేకుండా దూరంగా నిలబడి రెండింతల లెన్సు వాడితే వంపు తగ్గుతుంది. ఫ్లాష్ నిషేధం. ఇంటికొచ్చాక బ్లూప్రింట్ ఫొటోలో ఎరుపు ఛానెల్ ఒక్కటే ఉంచి తిరగేస్తే నీలం తెల్లబడి, గీతలు నల్లగా తేలుతాయి. పసుపెక్కిన అమ్మోనియా ప్రింటుకూ ఎరుపు ఛానెలే, తిరగేయనక్కర్లేదు: పసుపు మాయమై ఊదా గీత మిగులుతుంది. చుట్ట బిగుసుకుపోయి ఉంటే మాత్రం బలవంతంగా పరవొద్దు, సిబ్బందికి చెప్పి తిరిగి ఇచ్చేయండి. ట్రేసింగ్ పేపరు పెళుసు, మడత దగ్గర పెంకులా విరుగుతుంది.

క్యాటలాగులో వెతికేటప్పుడు వీధుల పాత పేర్లు వాడండి: అన్నా సాలై కాదు, మౌంట్ రోడ్డు, రాధాకృష్ణన్ సాలై కాదు, ఎడ్వర్డ్ ఎలియట్స్ రోడ్డు, టీటీకే రోడ్డు కాదు, మౌబ్రేస్ రోడ్డు. ప్లానులో వీధివైపు ‘పయాల్’ అని కనిపిస్తే అది మన అరుగు. ‘టి.డబ్ల్యూ.’ టేకు, ‘ఆర్.ఎస్.జె.’ ఉక్కు దూలం, ‘ఆర్.ఎస్. నం.’ రీసర్వే నంబరు. గుమ్మం నంబర్లు మారిపోయిన ఇంటిని గుర్తుపట్టడానికి ఆ సర్వే నంబరే దారి.

వచ్చే పూటకు అడిగినవి మూడు: మైలాపూరు మాడవీధి ఇంటి సెక్షన్ (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగు), అదే జాబ్ అమ్మోనియా ప్రింటు, లింగిచెట్టి వీధి మూల ఇంటి ఎలివేషన్. సెక్షన్‌లో మద్రాసు టెర్రస్ మందం చూడాలి: టేకు దూలాల మీద ఐమూలగా నిలబెట్టిన పలుచటి ఇటుక, దాని మీద ఇటుకజల్లి సున్నం, పైన పెంకుల వరసలు. అమ్మోనియా ప్రింటులో దాన్ని కాంక్రీటు స్లాబుగా మార్చినట్టుంది. రెండిట్లో ఏది కట్టారో తేలితే పారపెట్ ఎత్తు సరిపోతుంది, ఆ ముఖభాగం 16వది అవుతుంది.