గట్టెక్కిన కారు

మట్టి ట్రాకు మీద కార్ల రేసులకు దిగిన తొలి ప్రాక్టీసులో నా ల్యాపు, అంటే ఒక చుట్టు, పద్నాలుగు సెకన్లు. అదే ట్రాకు మీద, అదే తరహా కారులో పదమూడేళ్ల అమ్మాయి పది సెకన్ల లోపే చుట్టి వస్తోంది. నా వయసు ముప్ఫై తొమ్మిది. ఇంటర్ చదివే రోజుల నుంచి బండి నడుపుతున్నానన్న గర్వం ఆ సాయంత్రంతో వదిలిపోయింది.

మేముండేది అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, టల్సా దగ్గర. ఇక్కడ ఏటా జనవరిలో ఒక పెద్ద ఎగ్జిబిషన్ భవనంలోకి లారీలతో బంకమట్టి తోలించి, లోపలే ట్రాకు వేసి రేసులు పెడతారు. 1987లో మొదలైన చిలీ బౌల్ అది. అంతకు కాస్త ముందు, డిసెంబరు చివర్లో, అదే మట్టి మీద చిన్న కార్లకు టల్సా షూటౌట్ జరుగుతుంది. ఆఫీసులో తోటి ఉద్యోగి పట్టుబడితే వెళ్లాను. వెయ్యికి పైగా ఎంట్రీలు. ట్రైలర్ల దగ్గర తిరిగితే తెలిసింది, నడిపేవాళ్లలో చాలామంది ప్లంబర్లు, వెల్డర్లు, బడిపిల్లలు. ఈ రాష్ట్రానికే చెందిన రేసు డ్రైవరు క్రిస్టఫర్ బెల్ ఇలాంటి కార్లలోనే మొదలుపెట్టి 2017 నుంచి వరసగా మూడేళ్లు చిలీ బౌల్ గెలిచాడని ఎవరో చెప్పారు. ఆయన చిన్నప్పుడే కారెక్కాడన్న సంగతి మాత్రం నేను వినీ విననట్టు వదిలేశాను.

నేను ఎంచుకున్నది మైక్రో స్ప్రింట్. చక్రాల మీద కప్పు ఉండదు. ఇనుప గొట్టాల పంజరం, నడిమధ్యలో సీటు, 600 సీసీ మోటారు సైకిల్ ఇంజను, దాని నుంచి వెనక ఇరుసుకు గొలుసు. మనిషితో కలిపినా నాలుగు వందల కిలోలు ఉండదు, శక్తి మాత్రం వంద హార్స్‌పవర్ దాటుతుంది. నెత్తిన పెద్ద రెక్క ఉన్నవీ, లేనివీ రెండు రకాలు. కొత్తవాళ్లు రెక్క ఉన్నదే తీసుకోవడం మేలని నా అభిప్రాయం. వేగం పెరిగేకొద్దీ గాలి కారును నేలకు నొక్కి పట్టడం వల్ల మన తప్పులు కొన్ని కప్పిపుచ్చుకుపోతాయి.

కారు వెంటనే కొనలేదు. నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే కావచ్చు. ఒక వేసవంతా తెలిసిన కుటుంబం వెంట శనివారాలు సహాయకుడిగా తిరిగాను. పనేమిటంటే మట్టి గీకడం. సాయంత్రం ట్రాకు బాగా తడిపి ఉంటుంది. ముందు కార్లన్నీ నెమ్మదిగా తిరుగుతూ దాన్ని అణగదొక్కాలి. ఆ తిరుగుడుకే కారు అడుగున, చక్రాల లోపల, రెక్క కింద బంకమట్టి చెక్కలు కడుతుంది. ప్లాస్టిక్ గరిటెతో గీకి బకెట్‌లో వేసి ఒకసారి తూచాను. తొమ్మిది కిలోలు. చక్రం లోపల ఒకే పక్క ముద్ద ఉండిపోతే కారు మొత్తం వణుకుతుంది. హెల్మెట్ అద్దం మీద పలచటి ప్లాస్టిక్ పొరలు ఒకదానిమీద ఒకటి అంటించి ఉంటాయి. మట్టి పడి కనిపించకపోతే డ్రైవరు పై పొర చింపి పారేస్తాడు. నా మొదటి రేసులో కంగారుకొద్దీ ఒకేసారి నాలుగు చింపేశాను. చివరి ల్యాపులు గుడ్డిగా సాగాయి.

డబ్బు సంగతి. "ఏమండీ, ముందు మిమ్మల్ని కాపాడేవి కొనండి, కారు తరువాత చూద్దాం" అంది మా ఆవిడ. ఆ వరసే సరైనది. మోటారు సైకిల్ హెల్మెట్ పనికిరాదు, మంటలకు తట్టుకునేలా పరీక్షించిన కార్ రేసు హెల్మెట్ కావాలి. అగ్గికి ఆగే సూటు, మెడను పట్టి ఉంచే పరికరం, కారు బోల్తా పడితే చేతులు బయటకు పోకుండా కట్టే పట్టీలు కూడా కావాలి. బెల్టుల మీద తేదీ ఉంటుంది, రెండేళ్లు దాటితే తనిఖీలో తీసి పక్కన పెడతారు. చవగ్గా వచ్చాయని సెకండ్‌హ్యాండ్ బెల్టులు కొని నేను నష్టపోయాను. కారు, విడిభాగాలు, పాత ట్రైలరు కలిపి తొమ్మిదిన్నర వేల డాలర్లకు బేరం కుదిరింది. జీవిత బీమా ఫారంలో రేసింగ్ చేస్తారా అన్న ప్రశ్న ఉంటుంది. నిజం రాశాను, ప్రీమియం పెరిగింది. కంపెనీ ఉద్యోగం కోసమే ఇచ్చే హెచ్-1బి వీసా మీద ఉన్నాను కాబట్టి లాయరునూ అడిగాను. బహుమతి డబ్బు తీసుకోవద్దన్నాడు. నాకు బహుమతి రావచ్చని ఆయన అనుకోవడమే ఈ ఆటలో నాకు దక్కిన మొదటి గౌరవం.

నడపడం దగ్గరికి వస్తే, అలవాటైనదంతా తలకిందులు. వెనక ఇరుసు ఒకే కడ్డీ, రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. కుడి వెనక టైరు ఎడమ దానికంటే పెద్దది కాబట్టి వదిలేస్తే కారు తనంతట తానే ఎడమకు పోతుంది. మలుపులో వెనక భాగం జారనిచ్చి, స్టీరింగు కుడికి తిప్పి, యాక్సిలరేటర్‌తోనే కారును తిప్పాలి. భయమేసి కాలు తీసేశామా, గిర్రున తిరిగి అడ్డంగా ఆగుతుంది. మొదటి రాత్రి మూడుసార్లు ఆగాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

రేసు రోజున బిళ్ల తీస్తే వచ్చిన నంబరును బట్టి హీట్ రేసులో, అంటే అసలు రేసుకు ముందు జరిగే చిన్న రేసులో, నిలబడే స్థానం. మా ట్రాకులో కొత్తవాళ్లను మాత్రం కొన్ని వారాలపాటు చివరే నిలబెడతారు. చెవిలో చిన్న రేడియో ఉంటుంది. ట్రాకు అధికారి మాట మనకు వినిపిస్తుంది, మనది వాళ్లకు వినిపించదు. నేను తిట్టుకున్నవి ఎవరికీ తెలియకపోవడానికి కారణం అదే.

అయిదు వారాలు ఆఖరి స్థానం నాదే. ఆరో వారం రేసు వీడియో నాన్నకు పంపాను. తెనాలి దగ్గర నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. కారు గురించి ఒక్క ముక్క అడగలేదు.

"కింద అంచు నల్లగా మెరుస్తోంది, ఎండిపోయి నున్నబడింది. పైన గట్టు పక్కన పదునుంది కదరా. నువ్వు ఆ ఎండిన దాంట్లోనే ఎందుకు తిరుగుతున్నావు?"

వీడియో మళ్లీ చూశాను. టైర్లు ఎగజిమ్మిన తడిమట్టి బయటి అంచున వరసగా పేరుకుని ఉంది. ముందున్న నలుగురూ కుడి వెనక చక్రం దానికి ఆనించి నడుపుతున్నారు. పక్క ట్రైలరు పెద్దాయన నెల రోజులుగా "కుషన్, కుషన్" అని మొత్తుకుంటున్నది దీని గురించే. ఆయన చెప్పినప్పుడు తల ఊపాను, అంతే.

మరుసటి శనివారం పైకి వెళ్లాను. చక్రం ఆ మట్టికి ఆనగానే కారు వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ముందుకు దూకింది. రెండు ల్యాపుల్లో ఇద్దరిని దాటాను. మూడో ల్యాపులో ఆత్మవిశ్వాసం ఎక్కువై చక్రం ఆ కట్ట మీదికే ఎక్కింది. ఆకాశం, లైట్లు, మట్టి, మళ్లీ లైట్లు. కారు పక్కకు పడి ఆగింది. నాకు గీత కూడా పడలేదు. రెక్క నలిగింది, ముందు ఇరుసు వంగింది.

రాత్రి పదకొండింటికి, మట్టి గీకుతూ ఫోను స్పీకర్‌లో పెట్టాను. అక్కడ పొద్దెక్కింది, పొలానికి వెళ్లే హడావుడిలో ఉన్నాడు నాన్న.

"ఏరా, ఈసారైనా గట్టెక్కావా?"

"ఎక్కాను నాన్నా. కారుతో సహా."