సంపులో బ్లీచింగ్ పౌడర్ చల్లే ముందు

చెన్నైలో నీటి లారీ పైపు సంపులోకి దించగానే గుప్పుమనే క్లోరిన్ వాసనకు మా అపార్టుమెంటులోని తెలుగువాళ్లు చాలామంది బెదిరిపోతుంటారు. ఆ నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందన్న మాట ఎక్కడో వినే ఉంటారు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు గాని, మనం అనుమానించవలసింది క్లోరిన్‌ను కాదు, అది కలిసే మురికిని.

కుళ్లిన ఆకులు, నాచు, మట్టి నుంచి నీటిలో కరిగిన సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు అనే రసాయనాలు పుడతాయని 1974లో నెదర్లాండ్స్ రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ వెల్లడించాడు. నీరు వెచ్చబడిన కొద్దీ, క్లోరిన్‌తో ఎక్కువసేపు నిలవ ఉన్న కొద్దీ ఇవి పెరుగుతాయి కనుక, కండలేరు జలాశయం నుంచి తెలుగుగంగ కాలువలో ఎండకు వేడెక్కుతూ పూండి జలాశయానికి చేరి, అక్కడి నుంచి పుళల్ చెరువుకు వచ్చే నీటిని తాగే మనకు ఈ సంగతి పట్టించుకోదగ్గదే.

ఇటువంటి నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనబడిందని పలు అధ్యయనాలు చెప్పాయి. కారణం ఇదేనని మాత్రం ఇంకా తేలలేదు. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. అదే ప్రమాణం క్రిమిసంహారం కోసం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ నీటిలో మిగిలి ఉండాలనీ చెబుతోంది. క్లోరిన్ మానేస్తే కలరా, టైఫాయిడ్ రావడానికి ఏళ్లు పట్టదు.

నా అభ్యంతరమల్లా సంపు దగ్గరే. మూత తీస్తే అడుగున వేలెడు మందాన నల్లటి బురద, అందులో నానుతున్న వేపాకులు. దాని మీదే వాచ్‌మన్ చేత గుప్పెళ్లతో బ్లీచింగ్ పౌడర్ చల్లిస్తారు. ఆ బురదే క్లోరిన్‌ను మింగేస్తుంది కనుక క్రిములు బతికిపోతాయి, పైగా మనం వద్దనుకున్న రసాయనాలు తయారవుతాయి. ఇంటింటికీ వేలు పోసి ప్యూరిఫయర్లు కొనేవారు సంపు కడిగించడానికి చందా అడిగితే ముఖం చాటేయడం నాకు వింతగా ఉంటుంది. ముందు బురద ఎత్తించి, గోడలు రుద్దించి, ఆ తరువాతే కొలత ప్రకారం పౌడర్ వేయించాలి.

ఇంట్లో యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ ఈ రసాయనాలను చాలావరకు పట్టి ఉంచుతుంది, గడువుకు మార్చినంత కాలమే. వడకట్టిన నీటిలో క్లోరిన్ కూడా ఉండదు కాబట్టి మూత పెట్టి, ఏ రోజువి ఆ రోజే వాడుకోవాలి. మూత లేకుండా మరిగిస్తే క్లోరోఫాం ఆవిరై పోతుంది, క్లోరిన్ వల్లే పుట్టే మరో రకం రసాయనాలైన హాలోఎసిటిక్ ఆమ్లాలు అలా పోవు. వేడినీళ్ల స్నానంలో క్లోరోఫాం ఊపిరితో పాటు లోపలికి వెళుతుంది కనుక, గీజరు వేసుకునే ఇళ్లలో స్నానాల గది కిటికీ తెరిచి ఉంచడం మేలు.