ఆక్టేవియా ఆర్ఎస్‌కు ఆయిల్ కూలర్: కూలర్ ఈజీయే, హోస్ పైపులే ప్రాణం తీశాయి

నా స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245 కారుకి బయటి ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ను గాలితో చల్లబరిచేది) పెట్టించడం ఎట్టకేలకు అయింది. కూలర్ బిగించడం పెద్ద పనేం కాదు. పైపుల కొట్లోనే నా ఓపికంతా అయిపోయింది. కోపం చల్లారేలోపే రాసేస్తున్నా.

ముందే చెప్తున్నా, సిటీలో, హైవే మీద తిరిగే బండికి ఇది దండగ. డిస్‌ప్లేలో ఆయిల్ 95-110 డిగ్రీల మధ్య ఉంటే బండి బ్రహ్మాండంగా ఉన్నట్టే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఎండలో వరసగా ల్యాపులు కొడితే 135 దాటింది, అందుకే ఈ తిప్పలు. ఆ వేడికి ఆయిల్ పల్చబడి బేరింగుల దగ్గర పొర నిలవదు. ముందు దెబ్బ తినేది టర్బో, రాడ్ బేరింగులు. కంపెనీ కూలర్ ఆయిల్ వేడిని కూలెంట్‌కు ఇస్తుంది. కూలెంటే 100 దగ్గర కాగుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది? అలాగని దాన్ని పీకేయకండి. పొద్దున్నే ఆయిల్‌ను త్వరగా వెచ్చబెట్టేదీ అదే.

కొన్నవి ఇవి: సెట్రాబ్ కంపెనీ 19 వరసల కూలర్, ఆయిల్‌ను ఇంజన్ నుంచి కూలర్‌కు మళ్లించే అడాప్టర్ ప్లేటు (ఆయిల్ 80 డిగ్రీలకు చేరాక దారి తెరిచే థర్మోస్టాట్ ఉన్నది), ఏఎన్-10 అనే అంగుళాల కొలత ఫిట్టింగులు. థర్మోస్టాట్ లేని ప్లేటు చవగ్గా దొరుకుతుంది కానీ చలికాలంలో ఆయిల్ ఎంతకీ వేడెక్కక ఇంజన్ అరుగుతుంది. బంపర్ విప్పి, కింది గ్రిల్ వెనక బ్రాకెట్లు వేయడం ఒక పూట పని. కూలర్ పోర్టులు పైకో పక్కకో ఉండాలి. కిందికి పెడితే లోపల గాలి చిక్కుకుంటుంది.

ఇక పైపులు. అన్నీ విడివిడిగా కొన్నాను కాబట్టి కొలత ప్రకారం చేయించాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హైడ్రాలిక్ హోస్‌లు ప్రెస్ చేసే ఒక కొట్టుకెళ్లాను. సెట్రాబ్ పోర్టు థ్రెడ్డు (మర) ఎం22×1.5, అంటే మెట్రిక్ కొలత. దాన్ని ఏఎన్-10కి మార్చే చిన్న అడాప్టర్‌ను శాంపిల్‌గా ఇచ్చాను. ఇబ్బందంతా దానితోనే. ఒక చివర ఎం22×1.5, రెండో చివర 7/8-14 యూఎన్ఎఫ్, అంటే 7/8 అంగుళం, అంగుళానికి 14 పళ్లు (ఏఎన్-10 థ్రెడ్డు ఇదే). మొదటిది 22 మి.మీ., రెండోది 22.2. వెర్నియర్ పెడితే రెండూ ఒకటే అనిపిస్తాయి. కొంచెం అరిగిన థ్రెడ్డయితే అసలు తేడాయే తెలీదు. తేడా అంతా పిచ్‌లో, అంటే పంటికీ పంటికీ మధ్య దూరంలో ఉంది: ఒకటి 1.5 మి.మీ., ఇంకోటి 1.81. పైపు వెళ్లి కూర్చునేది 7/8 వైపు. కౌంటర్ మీది మనిషి రెండో చివర చూడనే లేదు. మెట్రిక్ నట్లు పెట్టి ప్రెస్ చేసేశాడు.

నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. "ఏం గాదు సార్, పానాకు పైపు తొడిగి జోర్‌గ తిప్పితే కూసుంటది" అన్నాడు. థ్రెడ్డు వేరు, ఇది 7/8 అంటే జేసీబీ డ్రైవర్ల ముందు పెద్దగా నవ్వి, "యూట్యూబ్ జూసి మాకు నేర్పనీకి వస్తరు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు కుర్రాడు పానా లాగనే లాగాడు. అల్యూమినియం థ్రెడ్డు మొదటి రెండు వరసలు వెండి పీచులా లేచి వచ్చేశాయి. ఆ అడాప్టర్ డబ్బులు ఎవరిస్తారు? అడిగితే "చూసుకోని ఇయ్యాలె" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. "200 బార్ తట్టుకునే పైపు సార్, గ్యారంటీ" అంటూ వాడింది మామూలు ఆర్2 గ్రేడు హైడ్రాలిక్ రబ్బరు హోస్. ఇంజన్ ఆయిల్ ఒత్తిడి నాలుగైదు బార్లే, దానికి 200 బార్ల పైపెందుకు? చూడాల్సింది వేడి. ఆర్1, ఆర్2 హోస్‌ల పరిమితి 100 డిగ్రీలు. మన ఆయిల్ ట్రాక్ మీద 135. లోపలి రబ్బరు గట్టిపడి, పగిలి, ఆ ముక్కలు ఇంజన్‌లోకే పోతాయి. కావాల్సింది స్టీల్ అల్లిక ఉన్న పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) హోస్, అంటే ఆర్14 గ్రేడు. అది 200 డిగ్రీలు కూడా తట్టుకుంటుంది.

చివరికి వేరే కొట్లో పెద్దాయన ఏమీ మాట్లాడకుండా సొరుగులోంచి థ్రెడ్ గేజ్ (పిచ్ కొలిచే పళ్ల రేకుల కట్ట) తీశాడు. పళ్లు థ్రెడ్డులో పెట్టి వెలుతురుకు ఎత్తి చూశాడు. 14 పళ్లది సందు లేకుండా కూర్చుంది. "7/8 జేఐసీ, 37 డిగ్రీలు" అని తేల్చేశాడు. జేఐసీ అంటే, చివర ఉన్న 37 డిగ్రీల వాలు ముక్కు (కోన్) నొక్కుకుని సీలయ్యే రకం ఫిట్టింగు. కోన్ కోణం కూడా చూసే మనిషి దొరకడం అదృష్టం. థ్రెడ్డు కలిసినా 45 డిగ్రీల ముక్కు పడితే చల్లగా ఉన్నప్పుడు కారదు, వేడెక్కాక చుక్క మొదలవుతుంది. అనుమానమొస్తే కోన్ మీద మార్కర్ రాసి, బిగించి, విప్పి చూడండి. చుట్టూ పట్టీలా చెరిగితే సరి, సన్నగీతలా చెరిగితే ఆ ముక్కు తప్పు.

కొట్టుకు వెళ్లేముందు థ్రెడ్ గేజ్ ఒకటి కొనుక్కోండి, కొన్ని వందల్లో వస్తుంది. ప్రెస్ చేసిన పైపుల్లోంచి తెల్ల గుడ్డ లాగి చూడండి. నాకు మొదటిసారి గ్రైండర్ నలుసులు, తీగ ముక్కలు వచ్చాయి. జేఐసీ కోన్‌కు టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకండి. సీలు పడేది కోన్ మీద, థ్రెడ్డు మీద కాదు. చిరిగిన టేపు వెళ్లి ఆయిల్ దారులకు అడ్డం పడుతుంది. చేత్తో బిగించి, రెండు పానాలతో నట్టు ఆరు ముఖాల్లో ఇంకో ముఖం, ఒకటిన్నర ముఖం మేర తిప్పితే చాలు.

నింపడం తేలికే. కూలర్‌లో ముందే కొంత ఆయిల్ పోసి, ఇంజన్ అంటుకోకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, కాసేపు స్టార్టర్‌తో తిప్పాలి (క్రాంక్ చేయాలి). మామూలుగా పట్టే 5.7 లీటర్ల మీద కూలరూ పైపులూ ఇంకొంచెం తాగుతాయి. ఆయిల్ 80 దాటి థర్మోస్టాట్ తెరుచుకున్నాకే ఆపి, అయిదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. అంతకుముందు చూసిన లెవెల్ లెక్కలోకి రాదు.

ట్రాక్ మీద ఇప్పుడు 118 దగ్గర ఆగుతోంది. కూలర్ చుట్టూ సందులు ఫోమ్‌తో మూశాకే ఆ అంకె వచ్చింది. మూయకముందు గాలి కూలర్‌ను తప్పించుకుని పక్కల నుంచి పోయేది, 126 దగ్గరే ఉండేది. ప్రతి నట్టు మీదా పెయింట్ గీత పెట్టాను. 500 కిలోమీటర్లకోసారి టార్చ్ వేసి చూస్తే చాలు, నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది.