పాటల పనికి ల్యాప్‌టాప్ ఎంచుకునేటప్పుడు

ఇంట్లోనే చిన్న గదిలో స్టూడియో పెట్టుకుని పాటలు చేస్తున్న కుర్రవాళ్లు, ముఖ్యంగా కీబోర్డు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్లు, ఏ ల్యాప్‌టాప్ కొనాలని నన్ను తరచూ అడుగుతుంటారు. ఖరీదైనదే కావాలంటే దుకాణంలో వాళ్లకు సాధారణంగా చూపించేది గేమింగ్ ల్యాప్‌టాపే. అందులో ధర పెంచేది చాలావరకు గ్రాఫిక్స్ కార్డు, మనం చేసే రికార్డింగుకూ మిక్సింగుకూ ఆ కార్డుతో దాదాపు పనే ఉండదు. ఆ డబ్బును ర్యామ్ మీదా ఎస్ఎస్‌డీ మీదా పెట్టమని, మిగిలితే మంచి మైకుకు దాచుకోమని నేను చెబుతాను.

వీడియో ఎడిటింగులో ఎక్స్‌పోర్టు అయిదు నిమిషాలు ఆలస్యమైనా నష్టం లేదు, వీడియో పాడవదు. సంగీతంలో ఆ వెసులుబాటు లేదు. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా లెక్కగట్టి ఆడియో ఇంటర్‌ఫేసుకు, అంటే మైకునూ స్పీకర్లనూ కంప్యూటర్‌కు కలిపే పెట్టెకు, అందిస్తూ ఉంటుంది. ఆ ముక్క ఎంత ఉండాలో నిర్ణయించేదే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన అంకెల) వద్ద 128 శాంపిళ్ల బఫర్ పెట్టుకుంటే ఒక్కో ముక్కకు దొరికే వ్యవధి సుమారు 2.7 మిల్లీసెకన్లు. అంతలోపల అన్ని ట్రాకుల మీద ఉన్న ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ లాంటి ఎఫెక్టుల లెక్కలన్నీ పూర్తికావాలి. బంతి భోజనాల్లో వడ్డించేవాడు ఎంత చురుకైనవాడైనా ఒక్క విస్తరి దగ్గర ఆలస్యం చేస్తే అక్కడ కూర్చున్నవాడి చెయ్యి ఆగిపోయినట్టే, సగటున ఎంత వేగమున్నా ఒక్క ముక్క వేళకు అందకపోతే స్పీకర్లో చిటపటమనే శబ్దం వచ్చేస్తుంది.

బఫర్‌ను 512కి పెంచితే ప్రాసెసర్‌కు ఊపిరి సలుపుతుంది. అయితే అప్పుడు ఒక వైపుకే 10.7 మిల్లీసెకన్లు పడుతుంది. మైకులోంచి వెళ్లి హెడ్‌ఫోన్‌లోకి తిరిగొచ్చేసరికి 21 మిల్లీసెకన్లు దాటుతుంది. పాడేవాళ్లకు తమ గొంతే వెనకబడి వినిపిస్తుంది, లయ జారుతుంది. గాయకులకైతే ఇంటర్‌ఫేసులోని డైరెక్ట్ మానిటరింగుతో (గొంతును కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపే ఏర్పాటు) గడిచిపోతుంది గానీ, సాఫ్ట్‌వేర్ పియానో వాయించేవాడికి ఆ దారి లేదు, ఎందుకంటే ఆ శబ్దం పుట్టేదే కంప్యూటర్లో. మిక్సింగులో బఫర్ 1024 పెట్టుకున్నా ఇబ్బంది ఉండదు కనుక, యంత్రం సత్తా బయటపడేది వాయిస్తూ రికార్డు చేసుకునేటప్పుడే.

ఇక ప్రాసెసర్. ఒక ట్రాకు మీద వరసగా పెట్టిన ప్లగిన్లు, అంటే ఈక్యూ, రివర్బ్ లాంటి ఎఫెక్టుల చిన్న ప్రోగ్రాములు, ఒకదాని ఫలితం కోసం మరొకటి ఎదురుచూస్తాయి కనుక ఆ వరస మొత్తం సాధారణంగా ఒకే కోర్ మీద నడుస్తుంది. అందువల్ల కోర్లు ఎన్ని ఉన్నాయన్న దానికంటే ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నది ముందు చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర యూ అక్షరం ఉంటే అది బ్యాటరీ ఆదాకు చేసినదని, హెచ్ ఉంటే ఎక్కువ విద్యుత్తు తీసుకుని గట్టిగా పనిచేసేదని గుర్తుపెట్టుకుంటే చాలు.

ర్యామ్ విషయంలో మాత్రం రాజీ వద్దు. కాంటాక్ట్ లాంటి శాంప్లర్లు, అంటే ముందే రికార్డు చేసిన వాయిద్యాల స్వరాలను వాయించే ప్రోగ్రాములు, ప్రతి స్వరం మొదటి భాగాన్ని ర్యామ్‌లో ఉంచుకుని, మిగతాది డిస్కు నుంచి అప్పటికప్పుడు చదువుకుంటాయి. వయొలిన్ల బృందం, వీణ, తబలా, కోరస్ ఇవన్నీ ఒకే పాటలోకి ఎక్కిస్తే 8 జీబీ ఏ మూలకూ రాదు. 16 జీబీ కనీసం. సినిమా తరహా ఆర్కెస్ట్రా చేయాలనుకుంటే 32. చాలా పలుచని ల్యాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, ఇప్పటి మ్యాక్‌బుక్‌లలోనూ తర్వాత పెంచుకునే వీలు లేదు, కాబట్టి కొనేరోజే తేల్చుకోవాలి. స్టోరేజీ గురించి అంత బెంగ అక్కరలేదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.6 ఎంబీ మాత్రమే. అయిదు నిమిషాల పాటలో ఇరవై ట్రాకులున్నా ఒక జీబీ లోపే. చోటు తినేది శాంప్లర్లు వాడే ఆ రికార్డు చేసిన స్వరాల శాంపిల్ లైబ్రరీలు, వాటిని బయటి ఎస్ఎస్‌డీలో నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

మ్యాకా, విండోసా అన్న ప్రశ్నకు నా జవాబు మీరు వాడే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. లాజిక్ ప్రో విండోస్‌లో నడవదు. క్యూబేస్, ఏబుల్టన్, రీపర్ రెండింటా నడుస్తాయి, ఎఫ్ఎల్ స్టూడియో కూడా 2018 నుంచి రెండింటికీ వస్తోంది. 2020 నవంబరులో ఆపిల్ సొంత చిప్పు ఎం1 వచ్చినప్పటి నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. కండెన్సర్ మైకు ముందు మెల్లగా ఆలాపన అందుకుంటున్నప్పుడు పక్కనున్న ల్యాప్‌టాప్ ఫ్యాను గుయ్యిమంటే అది గొంతుతో పాటే ట్రాకులోకి ఎక్కుతుంది, తర్వాత దాన్ని తీసేయబోతే గొంతులోని ఊపిరి కూడా పోతుంది. ఆ ఒక్క కారణానికే గాత్రం ఎక్కువగా రికార్డు చేసేవాళ్లకు నేను ఎయిర్ చెబుతాను, అయితే పెద్ద మిక్సు గంటల తరబడి నడిపితే అది వేడెక్కి వేగం తగ్గించుకుంటుందని కూడా చెబుతాను. స్నాప్‌డ్రాగన్ చిప్పున్న విండోస్ ల్యాప్‌టాపులు కొనేముందు, మీ ఇంటర్‌ఫేసుకు ఆ చిప్పుల కోసం చేసిన ఆర్మ్ విండోస్ డ్రైవరు ఉందో లేదో తయారీదారు పేజీలో చూసి తీరాలి. పాత డ్రైవర్లు అందులో పనిచేయవు.

మన ఎండలను ఈ లెక్కలో కలపకపోతే ఏ సలహా అయినా సగమే. టేక్ తీసుకునేటప్పుడు సీలింగ్ ఫ్యానూ ఏసీ రెండూ ఆపేస్తాం. మే నెల మధ్యాహ్నం విజయవాడలో తలుపులు బిగించిన గదిలో పది నిమిషాలకే మనిషికీ యంత్రానికీ చెమటలు పట్టే పరిస్థితి. పలుచని ల్యాప్‌టాప్ కంటే, కింద గాలి బాగా ఆడే కాస్త లావుపాటిదే అక్కడ నిలబడుతుంది.

ఛార్జరు పెట్టగానే స్పీకర్లలో హమ్ వస్తే ముందు ఇంటి ఎర్తింగు చూపించండి, అన్నింటినీ ఒకే బోర్డుకు తగిలించి స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (దారిలో చేరే రొదను తగ్గించేవి) వాడండి. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.

విండోస్ ల్యాప్‌టాప్ ఇంటికి రాగానే, వాపసు గడువు దాటకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఆడియో పనికి యంత్రం వేళకు స్పందిస్తోందో లేదో చూపే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాము వేసి, ఛార్జరు తగిలించి, వైఫై ఆన్‌లో ఉంచి అరగంట నడవనివ్వండి. ఎరుపు గీతలు వస్తే వైఫై ఆపి మళ్లీ చూడండి, తర్వాత గ్రాఫిక్స్, బయోస్ అప్‌డేట్లు వేసి మరోసారి చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా ఎరుపే వస్తుంటే, ప్రాసెసర్ ఎంత గొప్పదైనా సరే, ఆ మోడల్‌ను వాపసు చేసి వేరేది తీసుకోండి.