కోనసీమ పాయసంలో పైన్ గింజలు

ఇటలీలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు సంక్రాంతికి అమలాపురం వస్తూ పైన్ గింజల పొట్లం ఒకటి తెచ్చింది. మధ్యధరా తీరంలో విప్పిన గొడుగు వంటి తలతో పెరిగే స్టోన్ పైన్ చెట్టు గింజలవి. ఆ చెట్టు కాయ పక్వానికి రావడానికి దాదాపు 3 సంవత్సరాలు పడుతుందని, ఎండలో పొలుసులు విచ్చుకున్నాక రాలిన గింజకు మళ్లీ గట్టి పెంకు ఉంటుందని, అదీ పగలగొడితే గాని 2 సెంటీమీటర్లకు మించని పప్పు దక్కదని తెలిశాక, దాని ధర విని ఆశ్చర్యపోవడం మానుకున్నాను. మా కోనసీమలోని మోరి గ్రామంలో జీడిగింజలను కాల్చి, కొట్టి, పొర తీసే మహిళల పని చూసినవారికి ఈ శ్రమ అర్థమవుతుంది.

ఇటాలియన్లు వీటిని తులసి జాతి ఆకులతో, వెల్లుల్లితో, చీజ్‌తో నూరి పెస్టో చేసుకుంటారు. మా అమ్మగారు మాత్రం నేతిలో దోరగా వేయించి సేమ్యా పాయసంలో వేశారు. మెత్తగా, వెన్నలా కరిగే ఆ రుచి బాగానే ఉంది గాని, పాయసానికి నా ఓటు ఇప్పటికీ జీడిపప్పుకే. నూనె ఎక్కువ కనుక మన ఉక్కలో బయట ఉంచితే త్వరగా ముక్కవాసన పడతాయి. మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టాము. కొబ్బరితోట గట్టున నాలుగు నాటి చూడమని మామయ్యగారు సలహా ఇచ్చారు. పెంకు తీసిన పప్పు మొలవడం కష్టమని, పైగా ఆ చెట్టుకు పొడి వేసవి, నీరు నిలవని నేల కావాలని చెప్పినా ఆయన ఇంకా ఒప్పుకోలేదు.